నాలుగో పేరా

ప్రాక్టీసు మానేసి నాలుగేళ్ళయింది. జనం మాత్రం నన్ను మాననివ్వలేదు. పొద్దున్నే భవానీపురంలో కృష్ణ ఒడ్డున కాసేపు నడుద్దామని బయల్దేరతానా, పక్కన ఎవరో ఒకరు వచ్చి అడుగు కలుపుతారు. రెండు నిమిషాలు షుగరు గురించి, మోకాళ్ళ గురించి. మూడో నిమిషంలో, "ప్లీడరు గారూ, మాకు తెలిసినవాళ్ళకి చిన్న డౌటండీ" అంటారు. ఆ తెలిసినవాళ్ళెవరో నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి వాళ్ళకీ తెలుసు. స్టేషనుకి రమ్మని ఫోను చేశారండీ, వెళ్ళాలా? ఇద్దరూ ఒప్పుకుంటే విడాకులు ఎన్నాళ్ళకొస్తాయండీ? పిల్లని తల్లికిస్తారా, తండ్రికిస్తారా? ముందస్తు బెయిలు అడిగితే తప్పు ఒప్పేసుకున్నట్టు కాదా? నలభై ఏళ్ళుగా ఇవే ప్రశ్నలు. నేనూ ఇంచుమించు అవే జవాబులు చెబుతూ నడుస్తాను. నడక మాత్రం సాగదు.

మొన్న ఒకాయన కొత్త ప్రశ్న వేశాడు. బెంజ్ సర్కిల్ దగ్గర ఏదో ఆఫీసులో పనిట. "మా లాయరు గారు కాగితాల మీద సంతకం పెట్టమన్నారండీ. చదివి పెట్టాలా? చదువుతానంటే ఆయన్ని అనుమానించినట్టు ఉంటుందేమోనని..."

నేను నడక ఆపేశాను. "చదువు. అర్థం కాకపోతే ఆయన చేతే చదివించుకుని తెలుగులో చెప్పించుకో. విసుక్కున్నాడా, ఇంకోసారి చెప్పించుకో" అన్నాను. గొంతు కాస్త పెరిగిందనుకుంటాను, ఆయన బెదిరిపోయి "అట్లాగేనండీ, అట్లాగేనండీ" అంటూ వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పాపం, ఆయన మీద కాదు నా కోపం. ఆ కోపం ఎవరి మీదో ఇప్పుడు చెబుతాను. ముఖ్యంగా కొత్తగా నల్లకోటు కుట్టించుకున్నవాళ్ళు కాస్త ఆగి వినండి.

నేను పని నేర్చుకున్నది క్రిమినల్ ఆఫీసులో. మా సీనియరు గారు కృష్ణా జిల్లాలో పేరున్న డిఫెన్సు లాయరు. కొట్లాట కేసులు, దొంగతనాలు, కాలవ గట్ల మీద గొడ్డళ్ళు లేచిన కేసులు, అన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన మాకు నేర్పింది ఒకటే: దేన్నీ ఒప్పుకోవద్దు. ముద్దాయిని జడ్జిగారు ప్రశ్నలడిగే రోజున వాడి నోటికి మూడు మాటలు నేర్పి పంపేవాళ్ళం. నిజం కాదు. తెలియదు. చెప్పుకునేదేమీ లేదు. అంతే. "నిరూపించుకోవాల్సింది వాళ్ళురా. మనం కాదు. ఈ రోజు మంగళవారమా అని అడిగినా ఆలోచించి చెప్పు" అనేవారు. అది తప్పేం కాదు, ఇప్పటికీ అంటాను. పోలీసులూ ప్రభుత్వమూ ఒకవైపు, ఒంటరిగా ఒక మనిషి ఇంకోవైపు నిలబడ్డప్పుడు 'కాదు' అనే మాట ఆ మనిషికున్న ఒకే ఒక్క రక్షణ.

నేను సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాక క్రిమినల్ కేసులతో పాటు మొగుడూ పెళ్ళాల కేసులు కూడా రాసాగాయి. బోర్డు మార్చలేదు, గుమస్తాను మార్చలేదు, అలవాట్లూ మార్చలేదు. అక్కడే వచ్చింది తంటా.

మా గుమస్తా గారి గురించి చెప్పాలి. నాకన్నా వయసులో పెద్ద. టైపు మిషను రోజుల నుంచి కంప్యూటరు దాకా వచ్చిన మనిషి. ప్రతి రకం కాగితానికీ ఆయన దగ్గర ఒక నమూనా ఉండేది. బెయిలుకి ఒకటి, వాయిదా కోరడానికి ఒకటి, కౌంటరుకి ఒకటి. కౌంటరంటే అవతలివాళ్ళ పిటిషనుకి మనం దాఖలు చేసే జవాబు. పేర్లు, ఊళ్ళు మార్చి పది నిమిషాల్లో తీసి చేతిలో పెట్టేవారు. "ఒకసారి చూస్తారా సార్?" అని అడగడం ఆయన ఆనవాయితీ. "మీరు చూశారుగా" అనడం నా ఆనవాయితీ.

ఆ రోజుల్లోనే ఒకతను వచ్చాడు. ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే వడ్రంగి. ముప్ఫై దాటి రెండు మూడేళ్ళు ఉంటాయి. చేతులు చూస్తే తెలిసిపోయేది, వేళ్ళ నిండా పాత గాట్లు. మాట తక్కువ. భార్య కంకిపాడు అవతల పల్లెటూరి పిల్ల, అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆరేళ్ళ కూతురు. గొడవ పెద్దదేం కాదు. రోజూ బస్సులో పోయి సాయంత్రం ఆలస్యంగా వస్తోందని అతని తల్లి సాధించడం, ఈయన తల్లికీ పెళ్ళానికీ మధ్య నలగడం. ఓ రోజు అత్తా ఆడపడుచులూ అందరూ ఉండగా, "ఉద్యోగమన్నా మానెయ్, లేదా మీ ఇంటికన్నా పో" అన్నాడు. ఆవిడ రెండోది ఎంచుకుంది. పెద్దమనుషులు కూర్చున్నారు, లేచారు. ఎనిమిది నెలలు గడిచాక తనకీ పిల్లకీ భరణం ఇప్పించమని ఫ్యామిలీ కోర్టులో పిటిషను వేసింది.

కౌంటరు మీద సంతకాలు పెట్టడానికి అతను వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నేను మేజిస్ట్రేటు కోర్టుకి పరిగెత్తే హడావిడిలో ఉన్నాను. మెడకి బ్యాండు కట్టుకుంటూ ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో చూపిస్తున్నాను. అతను పెన్ను పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"ప్రతి ఆదివారం పాపని చూడ్డానికి వెళ్తున్నానండీ. బండి మీద కాలవ గట్టుకి తీసుకెళ్ళి, పునుగులు తినిపించి, సాయంత్రానికి దింపేస్తున్నా. తను బయటికి రాదండీ. పిల్లకి జడలేసి పంపిద్ది. పోయిన వారం మాత్రం..." కొంచెం సిగ్గుపడ్డాడు. "బాక్సులో పులిహోర పెట్టి పంపిందండీ. ఇద్దరికీ సరిపడా."

"సరే సరే, ఇక్కడ పెట్టు. ఇక్కడ కూడా" అన్నాను నేను.

ఇంత చెప్పినా నా బుర్రకి ఎక్కలేదండీ. ఆ పులిహోర మాట వినగానే ఆ కాగితాలు అక్కడే ఆపేసి, ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడాల్సిన రోజది. అతను సంతకం పెట్టాడు. కింద నేనూ పెట్టాను. ఇద్దరం చదవలేదు. అతనికి ఇంగ్లీషు రాదు. నాకు తీరిక లేదు.

ఆ కౌంటరులో ఏముందంటే, పిటిషనులో ఒకటి నుంచి తొమ్మిది పేరాల దాకా చెప్పినవన్నీ అబద్ధాలు, కల్పితాలు, వాటిని పిటిషనరే కచ్చితంగా నిరూపించుకోవాలి అని. మా క్రిమినల్ ఆఫీసు నమూనా. కుటుంబ కేసుల్లో పెళ్ళయిన సంగతీ, బిడ్డ పుట్టిన సంగతీ ఒప్పుకుని మిగతావి కాదనడం పద్ధతి. అలా ఒప్పుకునే వాక్యం అందులో లేదు. పిటిషనులో నాలుగో పేరా ఏమిటో చెప్పమంటారా? 'మా దాంపత్యంలో మాకు ఒక ఆడపిల్ల పుట్టింది.'

తర్వాతి ఆదివారం అతను ఎప్పటిలా బండి మీద వెళ్ళాడు. గేటు దగ్గర మామగారు అడ్డం నిలబడ్డాడట. "ఎవరి కూతురి కోసం వచ్చావురా?" అన్నాడట. ఏమీ అర్థం కాక ఇతను నవ్వాడట. ఆ నవ్వుకి ఆయన చెప్పు తీశాడట. సోమవారం పొద్దున్న నేను తాళం తీసేసరికే ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఏం రాశారు సార్ ఆ కాగితంలో?"

కౌంటరూ పిటిషనూ తీసి నాలుగో పేరా చూశాను. చేసిన తప్పేమిటో తెలిసింది. కానీ లాయరు మొహం ఒకటుంటుంది, అది పెట్టుకున్నాను. "అదేం లేదు. అది ఫార్మాటు. అందరికీ అలాగే రాస్తాం."

"నా కూతురు నా కూతురు కాదని అందరికీ రాస్తారా అండీ?"

"చూద్దాంలే, సరిచేద్దాంలే" అని పంపించేశాను.

సరిచేయడానికి పెద్ద పనేం లేదు. పొరపాటు జరిగిందని ఒక మెమో, సవరించిన కౌంటరు. ఒక్క పూట పని. కానీ ఆ మెమోలో 'నేను చదవకుండా సంతకం పెట్టాను' అని రాయాలి. పాతికేళ్ళ ప్రాక్టీసు, బార్ అసోసియేషన్లో జూనియర్లు లేచి నిలబడే మనిషిని. ఎట్లా రాస్తాను? మా సీనియరు గారు అప్పటికి ముసలాయన, ఇంట్లోనే ఉండేవారు. వెళ్ళి అడిగాను. "కాగితం మీద మాటేగా, వదిలెయ్. కావాలంటే నిరూపించుకోమను. కంగారుపడి ఆవిడే రాజీకి వస్తుంది" అన్నారు. నాకు కావాల్సింది అలాంటి మాటే. పట్టుకుని ఇంటికొచ్చేశాను. తప్పు నాదే అయినా చెప్పుకోవడానికి ఒక పెద్ద మనిషి దొరికాడు. రెండు నెలలు గడిపేశాను. ఆ రెండు నెలల ఆదివారాలూ అతను కంకిపాడు దాకా వెళ్ళి, ఆ వీధి మొదట్లో బండి ఆపుకుని, తిరిగి వచ్చేవాడని నాకు తర్వాత తెలిసింది.

ఆవిడ కంగారుపడలేదు. రాజీకీ రాలేదు. నిరూపించుకుంటానంది. తండ్రెవరో తేల్చే రక్తపరీక్షకి ఆర్డరు వేయమని పిటిషను వేసింది.

ఆవిడ తరఫు లాయరు నాకు కొత్త కాదు. మేమిద్దరం ఒకే సీనియరు దగ్గర జూనియర్లం. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. చురుకైన మనిషి. వాదనలో నేను దొరికిపోవడం తప్ప ఆవిడతో నాకు ఎప్పుడూ పేచీ లేదు.

దసరా సెలవులయిన వారం ఆ పిటిషను విచారణకొచ్చింది. నేను పకడ్బందీగా తయారై వెళ్ళాను. పసిబిడ్డ పుట్టుకని అంత తేలిగ్గా పరీక్షకి పెట్టకూడదని పై కోర్టులు చెప్పిన తీర్పులు నాలుగైదు పట్టుకెళ్ళాను. చూశారా తెలివి? బిడ్డ నాది కాదు అన్న మాట కాగితంలో అలాగే ఉంచి, బిడ్డ గౌరవం గురించి వాదిద్దామని.

కోర్టు హాల్లో వెనక బెంచీ మీద పాప కూర్చుని ఉంది. స్కూలు యూనిఫాం, రెండు జడలు. పక్కన తాతగారు. నా క్లయింటు లోపలికి రాగానే ఆ పిల్ల లేచి, "నాన్నా!" అని హాలంతా వినబడేట్టు పిలిచింది. తాతగారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. అటెండరు "సైలెన్సు" అన్నాడు. ఇతను లేవబోయాడు. నేను భుజం మీద చెయ్యి వేసి నొక్కాను. కోర్టులో మాట్లాడొద్దని చెప్పానుగా, అందుకని. కూర్చుండిపోయాడు. నేను చేసిన పనులన్నిట్లోకీ ఆ నొక్కడం నన్ను ఇప్పటికీ వదలదు. సిగ్గుగా ఉంటుంది.

కేసు పిలిచారు. లేచాను. "పరీక్షకి మాకు అభ్యంతరం ఉంది సార్. బిడ్డ భవిష్యత్తు దృష్ట్యా..."

జడ్జిగారు కాగితాలు తిప్పుతున్నారు. "కౌంటరులో నాలుగో పేరా కాదన్నారు కదండీ మీరు?"

"అన్నాం సార్."

"నిరూపించుకోమన్నారు."

"అన్నాం సార్."

"ఆవిడ నిరూపించుకుంటానంటే మళ్ళీ వద్దంటారేంటి?"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను తీర్పుల కట్ట తెరిచాను. పేజీలు దొరకలేదు. అప్పుడు సాక్షుల బోను పక్కన నిలబడ్డ పాప తల్లి నోరు విప్పింది. లాయరుని కాదు, జడ్జిగారినే అడిగింది.

"అయ్యా, సూది దానికే గుచ్చుతారాండీ? చిన్నపిల్లండీ, సూదంటే భయం. నా రక్తం తీసుకుంటే తెలవదా? ఎంతైనా తీసుకోండి."

ఏడవలేదు. నా క్లయింటు తల వంచుకుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అందరి ముందూ ఆ తల్లి చేత ఆ మాట అనిపించింది నేను. ఇక నా వల్ల కాలేదు.

"సార్" అన్నాను. "ఆ పేరా నేను చదవలేదు."

జడ్జిగారు కళ్ళద్దాలు తీశారు. "ఏ పేరా?"

"ఏ పేరా చదవలేదు సార్. కౌంటరు చదవకుండా సంతకం పెట్టాను. మా క్లయింటు ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. తప్పు పూర్తిగా నాది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు నన్ను తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "ఆ మాట రాసివ్వండి. ఆయన్ని లేచి చెప్పమనండి" అన్నారు.

అతను లేచాడు. నా వైపు చూడలేదు. "అది నా కూతురండీ. పుట్టినప్పుడు ముందు ఎత్తుకుంది నేనండీ. కాదని నేనెందుకంటానండీ? నాకు ఇంగ్లీషు రాదు సార్."

అప్పుడు ఆవిడ మా ఇద్దరి వైపూ తిరిగింది. "మీకు ఇంగ్లీషు రాదు. ఆయనకి తీరిక లేదు. దాన్ని చదివింది నేనొక్కదాన్నే. రెండు నెలలపాటు రోజూ చదివాను."

ఆవిడ అరవలేదు. తిట్టలేదు. స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పింది. నలభై ఏళ్ళలో అవతలి లాయర్లు నన్ను చాలా మాటలన్నారు, ఒక్కటీ గుర్తులేదు. ఈ మాట గుర్తుంది.

జడ్జిగారు మధ్యాహ్నానికి వాయిదా వేశారు. బయట వరండాలో మా గుమస్తా గారు తెల్లకాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నమూనా నాది సార్. తప్పు నాదని చెప్పనా లోపలికెళ్ళి?" అన్నారు. వద్దన్నాను. "మీరు చూస్తారా అని అడిగారు. చూడనిది నేను" అన్నాను. అంత పని చేసిన రోజున ఆ ఒక్క మాటన్నా సవ్యంగా అన్నందుకు కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

నా పాత తోటి జూనియరు పక్కకొచ్చింది. "అది మన సీనియరు గారి ఫార్మాటని చూడగానే తెలుసు అన్నయ్యగారూ. నేనూ అట్లాంటివి ఎన్ని టైపు చేయించానో."

"తెలిసీ ఒక్క ఫోను చేయలేదేమ్మా?"

"నా క్లయింటుకి తెలియదుగా అది ఫార్మాటని? తను రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు. మీరే సరిచేస్తారని రెండు నెలలు చూశాను. మీరు చేయలేదు."

నిజమే. ఆవిడ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కాదనడానికి లేదు. కాదనే అలవాటున్న నేను కూడా ఒప్పుకున్నాను.

కొత్తవాళ్ళకి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. క్రిమినల్ కేసులో మీరు 'కాదు' అంటే అది ప్రభుత్వానికి తగులుతుంది, దానికి నొప్పి ఉండదు. కుటుంబ కేసులో 'కాదు' అంటే ఇంట్లో ఒక మనిషికి తగులుతుంది. ఆ కాగితాన్ని అన్నం ముందు కూర్చుని చదువుకుంటారు వాళ్ళు. అందుకని ఒక్కొక్క పేరా క్లయింటుకి తెలుగులో చదివి వినిపించి, నిజమా కాదా అని అడిగి రాయండి. ఆలస్యమవుతుంది. కానివ్వండి. ఆ రోజు నుంచి ప్రాక్టీసు మానేసేదాకా నేను అట్లాగే చేశాను. కేసులు తగ్గాయి. మా ఆవిడ మాత్రం, ఈ మధ్య ఇంటికి వేళకి వస్తున్నారే అంది.

ఆ దంపతులు మళ్ళీ కలిశారా అని నన్ను అందరూ అడుగుతారు. నాకు తెలియదు. ఆ తర్వాత ఆ కేసు వేరే లాయరు చూశాడు. నాకు తెలిసింది ఆ మధ్యాహ్నం వరకే.

భోజనాల తర్వాత మళ్ళీ కోర్టు మొదలైంది. నా తప్పు ఒప్పుకుంటూ నేను రాసిన కాగితం జడ్జిగారికి ఇచ్చాను. భరణం సంగతి వేరే రోజు చూస్తానన్నారాయన. పరీక్ష కోరిన పిటిషను వెనక్కి తీసుకుంటారా అని ఆవిణ్ణి అడిగారు. తీసుకుంటాను కానీ, ఆ నాలుగో పేరాకి జవాబు ఆయన చేత్తో రాసివ్వాలండీ, తెలుగులో, అంది. లాయరు రాసింది వద్దంది. జడ్జిగారు సరేనన్నారు.

బెంచి క్లర్కు బల్ల చివర జాగా చేసి కాగితం పెట్టాడు. అతను వంగి రాయడం మొదలుపెట్టాడు. ఉలి పట్టే చెయ్యి, పెన్ను గట్టిగా నొక్కుతున్నాడు. తర్వాతి కేసు పిలవబోతే జడ్జిగారు చేత్తో ఆగమన్నారు. నేను పక్కనే ఉన్నాను, చూశాను. పాప పూర్తి పేరు రాశాడు. పుట్టిన రోజు, పుట్టిన వేళ రాశాడు. 'నా కూతురు' అని రాసి, సరిపోలేదనుకున్నాడో ఏమో, కింద మళ్ళీ 'నా కూతురే' అని రాశాడు. సంతకం పెట్టే ముందు కాగితాన్ని మొదటి నుంచీ వేలు పెట్టి చదువుకున్నాడు. అప్పుడు పెట్టాడు.

ఆవిడ తీసుకుని చదివింది. రెండోసారి చదివింది. మడిచి తన లాయరుకి ఇచ్చింది. వెనక బెంచీ మీద పాప తాతగారి ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోతోంది. ఆవిడ వెళ్ళి పిల్లని భుజాన వేసుకుని, అతని పక్క నుంచి వెళ్తూ ఆగింది. మొహం మాత్రం తలుపు వైపే ఉంది.

"ఆదివారం రండి. తొమ్మిదింటి లోపు మాత్రం రావద్దు. అది లేవదు."